సరిహద్దు గ్రామాల కుటుంబాలకు విపత్తుల సన్నాహం: భూకంపం, తుపాను, వరద, పిడుగు

సరిహద్దు గ్రామాలలో ప్రకృతి వైపరీత్యం ఒక రాష్ట్రంలో మొదలై మరొక రాష్ట్రంలో ఇళ్లు కూల్చడం కొత్త విషయం కాదు. ధవళేశ్వరం వద్ద విడిచిన గోదావరి వరద పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం వీధులకు చేరుతుంది. కర్ణాటకలోని హోసపేట వద్ద తుంగభద్ర గేట్లు ఎత్తితే రాయచూరు, కర్నూలు జిల్లాల ఏటి ఒడ్డు గ్రామాలు జాగ్రత్తపడవలసి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పిచ్చాటూరు ఆరణియార్ జలాశయం నిండితే తమిళనాడులోని ఊత్తుకోట వాసులు ఏటివైపు చూస్తూ కూర్చోవలసిందే. శ్రీకాకుళం తీరాన్ని దాటిన తుపాను కొన్ని గంటలలోనే ఒడిశాలోని గజపతి జిల్లా కొండలకు చేరుతుంది.

నీటికి, గాలికి, భూమికి రాష్ట్రాల ఎల్లలు లేవు. హెచ్చరికకు, సహాయానికి మాత్రం ఉన్నాయి. హెచ్చరిక ఆ రాష్ట్రపు అధికారభాషలో వస్తుంది. సహాయం ఆ రాష్ట్రపు కాగితాల మీద ఆధారపడి వస్తుంది. తెలుగు మాత్రమే తెలిసిన అవ్వకు ఒడియాలోనో, మరాఠీలోనో మైకులో చెప్పిన మాట అందకపోవచ్చు. పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్న రైతుకు నష్టపరిహారం కోసం ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియకపోవచ్చు. ఈ ఎడాన్ని విపత్తు వచ్చిన తరువాత పూడ్చడం కష్టం. ముందుగా పూడ్చుకోగలిగేది ఆ కుటుంబమే. అందుకు చేసుకోవలసిన ఏర్పాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఏ ప్రాంతానికి ఏ ముప్పు

ప్రతి ఇల్లూ అన్ని విపత్తులకూ ఒకే స్థాయిలో సిద్ధం కానవసరం లేదు. తన ఊరికి ఏది ఎక్కువ దగ్గరో తెలుసుకొని ఆ క్రమంలో సిద్ధపడడం మేలు.

మహారాష్ట్రలోని లాతూరు, ధారాశివ్ జిల్లాలు, వాటిని ఆనుకొన్న కర్ణాటక బీదరు ప్రాంతం: భూకంపం, పిడుగులు. గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాంతం: ప్రాణహిత, గోదావరుల వరద, కొంతమేరకు భూప్రకంపనలు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలు: తుపాను, వంశధార, నాగావళి, మహేంద్రతనయల వరద, కొండచరియలు, పిడుగులు. కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు: తుంగభద్ర, కృష్ణల వరద, పిడుగులు. తమిళనాడు ఉత్తర జిల్లాలు: తుపాను వర్షాలు, చెరువులు, జలాశయాల నుండి వచ్చే వరద. యానాం: గోదావరి వరద, తుపాను, సముద్రపు ఉప్పెన.

భూకంపం మన ప్రాంతానికి రాదన్న నమ్మకం మాత్రం ఎవరికీ తగదు. 1967 మార్చి 27న ఒంగోలులోను, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలోను భూమి కంపించింది. భద్రాచలం భూకంప తీవ్రత 5.7. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలంగాణ అంతటా, విజయవాడలో, గోదావరి ఆవలి గడ్చిరోలి జిల్లాలో కూడా తెలిసింది.

భూకంపం: కిల్లారి చెప్పిన పాఠం

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారి గ్రామం కేంద్రంగా భూకంపం వచ్చింది. గణేశ నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రిస్తున్న సమయం అది. లాతూరు, నాటి ఉస్మానాబాదు జిల్లాలలో అనేక గ్రామాలు నేలమట్టమైనాయి. మృతుల సంఖ్య పదివేలకు చేరువైంది. భూకంప తీవ్రత 6.2. లోకంలోని పెద్ద భూకంపాలతో పోలిస్తే ఇది మధ్యస్థమే. అప్పటి పటంలో ఆ ప్రాంతం భూకంప భయం అతి తక్కువగా ఉన్న మొదటి మండలంలో ఉండేది. తరువాత, 2002లో సవరించిన పటంలో మొదటి మండలాన్నే తొలగించారు.

మధ్యస్థమైన ప్రకంపనకు అంతమంది చనిపోవడానికి ముఖ్యకారణం ఇళ్ల నిర్మాణం. ఆ ఇళ్ల గోడలు రెండు మూడు అడుగుల మందం. లోపలి ముఖం ఒక వరుస, బయటి ముఖం ఒక వరుసగా గుండ్రాళ్లు పేర్చి, నడుమ చిల్లరాళ్లు, మట్టి నింపేవారు. రెండు వరుసలనూ కలిపి పట్టే రాయి ఉండేది కాదు. పైన కొయ్య దూలాల మీద అడుగు నుండి రెండడుగులకు పైగా మట్టి. భూమి ఊగగానే గోడ రెండుగా చీలి పొట్టలా ఉబ్బి కూలింది. పైకప్పు మట్టి నిద్రలో ఉన్నవారి మీద పడింది. కొన్నిచోట్ల కొయ్యస్తంభాలు, దూలాలు నిలిచే ఉన్నాయి, గోడలే పోయాయి.

ఇదే తరహా మట్టిమిద్దెలు బీదరు, రాయచూరు, బళ్లారి, కర్నూలు, అనంతపురం పల్లెలలో నేటికీ ఉన్నాయి. వానకాలానికి ముందు మిద్దె మీద చౌడు పరవడం అక్కడి ఆచారం. కారకుండా ఉండేందుకు ఏటేటా కొత్త పొర వేస్తారు, పాతది తీయరు. ఇరవై ఏళ్లలో మిద్దె బరువు ఎంత పెరిగిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కనుక మట్టిమిద్దె ఉన్నవారు మొదట చేయవలసిన పని, అనుభవం గల మేస్త్రీ సలహాతో పాత పొరలను తవ్వి తీయించి పలుచని పొరతో సరిపెట్టడం. దీనికి ఖర్చు స్వల్పం, ప్రయోజనం పెద్దది.

పాత ఇంటికి చేయించదగిన ఇతర మరమ్మతులు:

1. రాతిగోడ రెండు ముఖాలనూ కలుపుతూ అడ్డంగా పొడవాటి రాళ్లు కూర్చాలి. ఇవి నిలువున రెండడుగులకు ఒక వరుస, అడ్డంగా నాలుగడుగులకు ఒకటి చొప్పున ఉండడం మంచిది. పాత గోడలో ఆయా చోట్ల రాళ్లు తీసి, ఆ రంధ్రంలో ఇనుపకడ్డీ పెట్టి కాంక్రీటు నింపినా అదే పని చేస్తుంది.
2. కొయ్యస్తంభం, దూలం కలిసేచోట ఏటవాలు కొయ్యనో, ఇనుపపట్టీనో బిగించాలి.
3. పొట్ట ఉబ్బిన గోడను, మూలలలో నిలువుగా చీలిన గోడను ఆలస్యం చేయకుండా విప్పి కట్టించాలి. పైన సున్నం పూసి పగులును దాచడం ప్రమాదం.
4. చెదపట్టిన దూలాన్ని మార్చాలి.

కొత్తగా కట్టుకొనేవారు పునాది మట్టంలో, తలుపులు కిటికీల పైమట్టంలో, కప్పు కింద ఇంటిచుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు వేయించాలి. కనీసం మూడంగుళాల మందం, రెండు ఇనుపకడ్డీలు ఉండాలి. మూలల వద్ద కడ్డీని వంచి పక్కగోడలోకి పోనివ్వాలి. కడ్డీలు మూలలో తెగితే బెల్టు వేసిన ఫలితం దక్కదు. తలుపులు, కిటికీలు ఇంటి మూలకు రెండడుగులకన్న దగ్గరగా ఉండకూడదు.

ఇంటిలోపల సర్దుబాట్లకు డబ్బు అక్కరలేదు. అటకమీద రోలు, ఇత్తడి గుండిగలు, పాత ఇనుము పెట్టి వాటికింద మంచాలు వేయకూడదు. బీరువాను గోడకు కొక్కేలతో బిగించాలి. గ్యాసుబండను గొలుసుతోనో, తాడుతోనో నిలబెట్టి ఉంచాలి. పసిపిల్లల, వృద్ధుల పడకలు వాకిలికి దగ్గరగా ఉండాలి. రాత్రి తలుపు గడియ చేతికి సులభంగా అందాలి. వాకిలికి అడ్డంగా బస్తాలు, సైకిళ్లు పెట్టరాదు. మంచం పక్కన ఒక టార్చిలైటు, ఒక జత చెప్పులు ఉండాలి. కూలిన ఇంటిలో మొదట గాయపడేవి పాదాలే.

భూమి కంపిస్తున్నప్పుడు

కంపనం సాధారణంగా కొన్ని సెకన్ల నుండి ఒక నిమిషం దాకా ఉంటుంది. ఆలోచించే వ్యవధి ఉండదు కనుక ఇంటిల్లిపాదీ ముందే అనుకొని ఉండాలి.

మట్టిమిద్దె, రాతి ఇల్లు, పెంకుటిల్లు అయి, వాకిలి రెండుమూడు అంగల దూరంలో ఉంటే వెంటనే బయటికి వచ్చి గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడాలి. సందులో నిలబడకూడదు. ఇరుపక్కల గోడలూ సందులోనే పడతాయి. వాకిలి దూరమైతే గట్టి మంచం, బల్ల కిందకు చేరి తల కాచుకొని దాని కాలు పట్టుకోవాలి. కాంక్రీటు స్తంభాలతో కట్టిన మేడలో ఉన్నవారు పరుగెత్తకుండా బల్ల కింద ఉండడమే క్షేమం. మెట్లు, లిఫ్టు, బాల్కనీ వాడరాదు. గుమ్మం కింద నిలబడితే ఏమీ కాదన్న పాత నమ్మకం మట్టి ఇళ్లలో చెల్లదు. బయట ఉన్నవారు బయటనే ఉండాలి.

కంపనం ఆగిన తరువాత గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, కరెంటు మెయిను ఆపాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయడం, అగ్గిపుల్ల గీయడం కూడదు. పగుళ్లిచ్చిన ఇంటిలోకి బంగారం కోసమో, ధాన్యం కోసమో తిరిగి పోరాదు. తరువాతి ప్రకంపనలు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి వస్తాయి. మొదటిదానికి వదులైన గోడ రెండవదానికి కూలుతుంది.

భూకంపం ఏ రోజు, ఏ గంటకు వస్తుందో ముందుగా చెప్పగల విద్య నేటికీ ఎవరికీ లేదు. ఫలానా రాత్రి మళ్లీ వస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలు వదంతులే. చిన్న ప్రకంపనలు మాటిమాటికీ వస్తున్న ఊళ్లు వాటిని అలవాటుగా తీసిపారేయకుండా తహసిల్దారుకు తెలపాలి. కిల్లారి ప్రాంతంలోనూ 1992లో చిన్న ప్రకంపనలు వచ్చాయి.

తుపాను

బంగాళాఖాతంలో తుపానులు ముఖ్యంగా ఏప్రిల్ నుండి జూన్ ఆరంభం దాకా, మళ్లీ అక్టోబరు నుండి డిసెంబరు దాకా వస్తాయి. భూకంపంలా కాక, వీటికి రెండుమూడు రోజుల ముందే హెచ్చరిక అందుతుంది. ఆ వ్యవధిని వాడుకోవడమే ప్రాణరక్షణ.

ఇందుకు గంజాం తీరమే సాక్ష్యం. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెనుతుపానులో దాదాపు పదివేల మంది మరణించారు. 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద ఫైలిన్ తుపాను తీరం దాటింది. అప్పటికే ఒడిశా ప్రభుత్వం దాదాపు పది లక్షల మందిని ఆశ్రయాలకు తరలించింది. మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. ఇళ్లు, తోటలు పోయాయి గాని మనుషులు దక్కారు.

తీరానికి దూరంగా ఉన్నామన్న ధీమా వద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లా కొండలలో కుంభవృష్టి కురిపించింది. బరఘరా గ్రామం వద్ద వాన నుండి తలదాచుకొన్నవారి మీద కొండచరియ విరిగిపడి పలువురు చనిపోయారు. సముద్రం కనిపించని ఊరిలో తుపాను చేసిన చావు అది. కొండవాలు గ్రామాలవారు భారీవర్ష హెచ్చరిక రాగానే వాలు కింది ఇళ్లను, గుహలను, వాగుగట్టును విడిచి పాఠశాల వంటి గట్టి కట్టడానికి చేరాలి. కొండమీద కొత్త పగుళ్లు, వంగుతున్న చెట్లు, ఊటనీరు ఒక్కసారిగా బురదగా మారడం చరియ కదులుతోందనడానికి గుర్తులు.

వాతావరణశాఖ హెచ్చరికల రంగులు ఇంట్లో అందరికీ తెలియాలి. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధం కావాలి. ఎరుపు అంటే వెంటనే కదలాలి.

తుపాను ముందు ఇంటివద్ద చేయవలసినవి: రేకులకు సడలిన కొక్కీబోల్టులు బిగించడం, తాటాకు కప్పు మీద తాళ్లవల వేసి దిగగొట్టిన గుంజలకు కట్టడం, ఇంటిమీదికి వాలిన ఎండుకొమ్మలు కొట్టించడం, పశువుల పలుపులు విప్పడం, పడవలను ఒడ్డున ఎత్తున కట్టడం, ఫోను, టార్చి చార్జి చేసుకోవడం. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందనుకోరాదు. అది తుపాను కన్ను కావచ్చు. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కు నుండి అంతే వేగంతో వస్తుంది. ఆ విరామంలో బయటికి వచ్చినవారే ఎక్కువగా దెబ్బతింటారు.

తీరగ్రామాలకు గాలికన్న ఉప్పెన ప్రాణాంతకం. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమందిని బలిగొన్నది ఉప్పెనే. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమతో పాటు యానామును కూడా చిన్నాభిన్నం చేసింది. వేటకు వెళ్లి తిరిగి రాని మత్స్యకారులు ఎందరో. హెచ్చరిక ఉన్న రోజున ఒక్క వేట మానుకొంటే పోయేది ఒకరోజు కూలి మాత్రమే. సముద్రం హఠాత్తుగా వెనక్కు తగ్గి నేల బయటపడితే చూడడానికి వెళ్లక మెరకకు పరుగెత్తాలి. అది 2004 డిసెంబరు 26న తీరమంతటా కనిపించిన సునామీ లక్షణం.

వరద

వరద ముందు పైరాష్ట్రంలో కనిపిస్తుంది. కనుక నదీతీర కుటుంబం తన జిల్లా వార్తలతో పాటు ఎగువ జలాశయం వార్తలు కూడా వినాలి.

యానాం వాసులకు భద్రాచలం, ధవళేశ్వరం అంకెలు కంఠస్థం కావాలి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండవది, 17.75కి మూడవది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైంది. 2022 వరదలో యానాంలోను, ఎగువన సిరొంచ ప్రాంతంలోను జనం ఇళ్లు విడవవలసి వచ్చింది.

తుంగభద్ర తీరంవారికి 2009 అక్టోబరు మరువరానిది. కర్నూలు నగరం, మంత్రాలయం, రాయచూరు జిల్లా గ్రామాలు నీట మునిగాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ గ్రామాలన్నిటినీ హెచ్చరించవలసి వచ్చింది. ఆనకట్ట ఉన్నది గనుక భయం లేదన్న మాట ఎవరూ అనుకోరాదు.

ఇంటి గోడమీద గతంలో నీరు వచ్చిన ఎత్తును రంగుతో గుర్తుపెట్టాలి. కాగితాలు, విత్తనాలు, బియ్యం ఆ గీతకు పైన ఉండాలి. పారే నీరు మోకాటి లోతు ఉన్నా మనిషిని పడదోయగలదు. వాగు దాటుతున్న బస్సు, ట్రాక్టరు ఎక్కకూడదు. ఇల్లు విడిచేముందు మెయిను ఆపి, పశువుల కట్లు విప్పి వెళ్లాలి. కట్టేసిన పశువు ఈదలేదు.

నీరు తగ్గిన తరువాత ప్రమాదం రూపం మారుతుంది. తడిసిన గోడ ఎండేటప్పుడు కూలుతుంది. తడిసిన మీటరును ఎలక్ట్రీషియను చూసిన తరువాతనే కరెంటు వేయాలి. సామాను కర్రతో కదిపి తీయాలి, పాములు చేరి ఉంటాయి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చేయక, కరిచిన అవయవం కదలకుండా ఆసుపత్రికి చేర్చాలి. బావినీరు క్లోరిన్ కలపకుండా, మరిగించకుండా తాగరాదు. విరేచనాలు పట్టుకొంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికీ పట్టించాలి.

పిడుగు

ఏటేటా పొలాలలో అత్యధికంగా ప్రాణాలు తీసేది పిడుగే అయినా, ఒక్కొక్క ఊళ్లో ఒకరిద్దరే పోవడంతో దీనికి పెద్దగా వార్త ఉండదు. మెరుపుకు, ఉరుముకు నడుమ ముప్పై అంకెలు లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్లు. అప్పుడే పని ఆపి పక్కా ఇంటిలోకి చేరాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రారాదు. ఒంటరి చింతచెట్టు, వేపచెట్టు కింద నిలబడడం, గొర్రెలమందతో కలిసి గుమికూడడం, ఇనుపకంచె తాకడం, చెరువులో ఉండడం ప్రాణాంతకం. ఆరుబయట చిక్కుకొన్నవారు ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టి ముడుచుకొని కూర్చోవాలి. నేలమీద పడుకోరాదు.

పిడుగుపడ్డ మనిషి ఒంటిలో కరెంటు ఉండదు. భయపడకుండా ముట్టుకోవచ్చు. శ్వాస ఆగితే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోను చేయాలి. ఆ నొక్కుడుతో బతికినవారున్నారు. కేంద్ర భూవిజ్ఞానశాఖకు చెందిన పుణె సంస్థ రూపొందించిన ‘దామిని’ అనువర్తనం ఫోనులో ఉంటే దగ్గరలో పిడుగులు పడే సూచన ముందుగా తెలుస్తుంది.

హెచ్చరిక ఏ మాటలో వస్తుంది

బడికి వెళ్లే పిల్లలకు ఆ రాష్ట్రభాష వస్తుంది. పెద్దలకు కొన్ని మాటలైనా పిల్లలు నేర్పి ఉంచాలి.

ఒడియా: తుపాను ‘బాత్యా’, వరద ‘బన్యా’, భూకంపం ‘భూమికంప’, పిడుగు ‘బజ్రపాత’, ఆశ్రయం ‘ఆశ్రయస్థళి’.

కన్నడం: తుపాను ‘చండమారుత’, వరద ‘ప్రవాహ’ లేక ‘నెరె’, పిడుగు ‘సిడిలు’, సహాయ శిబిరం ‘కాళజి కేంద్ర’. తెలుగులో ప్రవాహమంటే పారే నీరు మాత్రమే. కన్నడ ప్రకటనలో ఆ మాట వినిపిస్తే అది వరద హెచ్చరిక.

తమిళం: తుపాను ‘పుయల్’, వరద ‘వెళ్ళం’, భూకంపం ‘నిలనడుక్కం’, ఉరుము మెరుపు ‘ఇడి మిన్నల్’, శిబిరం ‘నివారణ ముకామ్’.

మరాఠీ: తుపాను ‘చక్రీవాదళ్’, వరద ‘పూర్’, పిడుగు ‘వీజ్’, ఆశ్రయం ‘నివారా కేంద్ర’. కరెంటును కూడా ‘వీజ్’ అనే అంటారు. సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

దేశమంతటా అత్యవసర సహాయానికి 112. రాష్ట్ర విపత్తుల కేంద్రానికి 1070, జిల్లా కేంద్రానికి 1077. సరిహద్దులో ఒక చిక్కు ఉంది. ఫోను పక్క రాష్ట్రపు టవరును అందుకొంటే చిన్న నంబరు పక్క రాష్ట్రపు కేంద్రానికి పోవచ్చు. అందుచేత తమ జిల్లా కంట్రోలు రూము పూర్తి నంబరును ఎస్.టి.డి. కోడుతో సహా కనుక్కొని గోడమీద రాసి ఉంచాలి. ఫోను చేసినప్పుడు ముందుగా ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం చెప్పాలి. ఒకే పేరుగల ఊళ్లు సరిహద్దుకు ఇరువైపులా ఉండడం అరుదు కాదు.

కాగితాలు

ఇల్లు పోయిన తరువాత సహాయం ఆగేది ఎక్కువగా కాగితాల వద్దనే. తమిళనాడు పత్రాలలో పేరుకు ముందు తండ్రిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. మహారాష్ట్రలో తండ్రిపేరు నడుమ, ఇంటిపేరు చివర వస్తాయి. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు. ఒకే మనిషి ఆధారులో ఒకలాగ, రేషన్ కార్డులో మరొకలాగ, బ్యాంకు పుస్తకంలో ఇంకొకలాగ ఉంటే నష్టపరిహారం నెలల తరబడి నిలిచిపోతుంది. సరిచేయించుకోవడానికి విపత్తు లేని కాలమే తగినది.

ఇంటి నష్టానికి ఇల్లున్న రాష్ట్రంలో, పంట నష్టానికి పొలమున్న రాష్ట్రంలో దరఖాస్తు చేయాలి. కర్ణాటకలో పహణి, తమిళనాడులో పట్టా చిట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, ఒడిశాలో పట్టా దగ్గర ఉంచుకోవాలి. కౌలురైతు కౌలుకాగితం రాయించుకోవాలి. రెవెన్యూ ఉద్యోగి వచ్చి పంచనామా రాసేదాకా శిథిలాలు తీసివేయరాదు. ప్రాణభయం వల్ల తీయవలసివస్తే ముందు ఫోటోలు తీయాలి. కేంద్ర హోంశాఖ 2022లో ప్రకటించిన నిబంధనలలో విపత్తు మృతుని కుటుంబానికి రు. 4 లక్షల సహాయం ఉంది. అయితే మరణకారణాన్ని అధికారులు ధ్రువపరచాలి. పిడుగుపాటు, పాముకాటు మరణాలలో శవపరీక్ష లేకుండా దహనం చేసి, తరువాత రుజువు లేక బాధపడే కుటుంబాలున్నాయి. దుఃఖంలో ఈ మాట చెప్పడానికి ఇంట్లో ఒకరు ముందుగా తెలిసి ఉండడం అవసరం.

ఇంటి మూట

ఒక సంచీలో సర్ది వాకిలి దగ్గర తగిలించవలసినవి:

1. ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, భూమి పత్రాల నకళ్లు, ప్లాస్టిక్ కవరులో. వాటి ఫోటోలు దూరపు బంధువు ఫోనులో కూడా ఉండాలి.
2. మనిషికి రోజుకు మూడునాలుగు లీటర్ల చొప్పున మూడురోజుల తాగునీటికి మూతబిగిసే డబ్బాలు.
3. అటుకులు, పేలాలు, బెల్లం, వేరుశెనగలు.
4. బి.పి., చక్కెర వ్యాధి మాత్రలు వారానికి సరిపడా, మందుచీటీతో. క్లోరిన్ మాత్రలు, దూదికట్టు.
5. టార్చి, బ్యాటరీలు, చిన్న రేడియో, ఈల. శిథిలాల కింద చిక్కినవారి కేక కొద్దిసేపటికే అలసిపోతుంది, ఈల శబ్దం చాలాసేపు వినిపిస్తుంది.
6. కొంత చిల్లర డబ్బు, తాడు, ఒక దుప్పటి, పసిబిడ్డకు, స్త్రీలకు కావలసిన బట్టలు.
7. ఫోన్ నంబర్ల కాగితం. ఫోను ఆరిపోతే అందులోని నంబర్లన్నీ పోయినట్లే.

వీటితోపాటు కుటుంబమంతా మూడు విషయాలు అనుకొని ఉండాలి. విడిపోతే ఎక్కడ కలవాలి. నడవలేని అవ్వనో, తాతనో ఎవరు ఎత్తుకొస్తారు. ఊరు తెగిపోతే ఏ దూరపు బంధువుకు అందరూ కబురు పెట్టాలి. సరిహద్దుకు ఆవలి ఊళ్లో వియ్యాలవారో, మేనమామో ఉండడం మన ఇళ్లకు ఉన్న బలం. అయితే ఆ ఊరూ అదే ఏటి ఒడ్డున ఉంటే ఉపయోగం లేదు, మెరకన ఉన్న బంధువులనే ఎంచుకోవాలి.

ఏటా రెండుసార్లు

ఉగాదికి, దసరాకు ఇల్లు దులిపి కడగడం ప్రతి కుటుంబానికీ ఉన్న అలవాటే. ఉగాది తరువాత పిడుగులు, వేసవి తుపానులు, ఆపైన నదుల వరదలు మొదలవుతాయి. దసరా తరువాత పెద్ద తుపానులు వస్తాయి. ఆ రెండు దులుపుళ్లనాడే మూట విప్పి నీరు, మాత్రలు, బ్యాటరీలు మార్చాలి. అటకమీది బరువులు దించాలి. గోడల పగుళ్లు, రేకుల బోల్టులు చూడాలి. కంట్రోలు రూము నంబరుకు ఒకసారి ఫోను చేసి అది పనిచేస్తున్నదో లేదో, ఏ భాషలో జవాబు వస్తున్నదో తెలుసుకోవాలి. పిల్లలచేత ఆ రాష్ట్రపు హెచ్చరిక మాటలను అవ్వకు, తాతకు మరొకసారి చదివించి వినిపించాలి. ఈ పనులన్నిటికీ కలిపి ఒక పూట చాలు.